సొంత సర్వర్‌లో అప్‌డేట్లు: సర్వీస్ ఆగకుండా చేయడం నిజంగా కుదురుతుందా?

ఒంటరిసర్వర్:

అందరికీ నమస్తే. ఒక చిన్న టీమ్ కోసం ఒకే సర్వర్ మీద అన్నీ నేనే నడుపుతున్నాను. ఫైళ్లకి నెక్స్ట్‌క్లౌడ్, కోడ్‌కి ఫోర్జెయో, పాస్‌వర్డ్‌లకి వాల్ట్‌వార్డెన్, ఇవి కాక మేమే రాసుకున్న ఒక వెబ్ యాప్. అన్నీ డాకర్ కంపోజ్‌లోనే ఉన్నాయి (ఒక్కో యాప్ తన కంటైనర్‌లో విడిగా నడుస్తుంది), ముందు రిక్వెస్ట్‌లని యాప్‌లకి అందించే వెబ్ సర్వర్ క్యాడీ, వెనక డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 15. వాల్ట్‌వార్డెన్ ఒక్కటీ ఎస్‌క్యూలైట్ మీద, అంటే ఒకే ఫైల్‌లో ఉండే డేటాబేస్ మీద నడుస్తుంది.

అప్‌డేట్ అంటే ఇప్పటిదాకా చేస్తున్నది ఇంతే: కొత్త ఇమేజ్ (కంటైనర్‌లో నడిచే యాప్ ప్యాకేజీ) పుల్ చేసి, కంపోజ్ అప్ కొట్టి, లాగ్స్ చూస్తూ కూర్చోవడం. మామూలుగా అర నిమిషంలో లేస్తుంది. సరిగ్గా ఆ అర నిమిషంలోనే ఎవరో ఒకరు పెద్ద ఫారం నింపి సబ్మిట్ నొక్కుతారు, 502 ఎర్రర్ వస్తుంది, నింపిందంతా పోతుంది. పెద్ద వెర్షన్ మారితే మైగ్రేషన్లు (డేటాబేస్‌ని కొత్త వెర్షన్‌కి తగ్గట్టు మార్చే పని) ఎంతసేపు నడుస్తాయో చెప్పలేం, అందుకని తర్వాత చూద్దాంలే అని పక్కన పెట్టేస్తాం, పక్కన పెట్టేకొద్దీ మధ్యలో వెర్షన్లు పేరుకుపోయి ఇంకా టెన్షన్.

కుబెర్నెటిస్ లాంటి పెద్ద కంటైనర్ల నిర్వహణ వ్యవస్థని నెత్తిన పెట్టుకోకుండా, ఈ ఒక్క సర్వర్‌తోనే, వాడేవాళ్లకి తెలియకుండా అప్‌డేట్ చేసే దారి ఉందా? కొత్త వెర్షన్ తేడా కొడితే వెనక్కి రావడం ఎలా? ఎప్పుడూ కొత్త వెర్షన్‌నే చూపించే లేటెస్ట్ ట్యాగ్ పెట్టి, రాత్రిళ్లు తనంతట తానే అప్‌డేట్ చేసే టూల్ ఒకటి తగిలించేయమని కొందరంటున్నారు, దాన్ని నమ్మొచ్చా?

పాతకాపు:

ముందు ఆ నాలుగింటినీ ఒకే గాటన కట్టకండి. మీరు రాసుకున్న యాప్ మీ చేతిలో ఉంది, దాన్ని అసలు ఆపకుండా మార్చొచ్చు. ఫోర్జెయో, వాల్ట్‌వార్డెన్ కొన్ని సెకన్లు ఆగుతాయి, ఆ సెకన్లు ఎవరికీ కనిపించకుండా చేయొచ్చు. నెక్స్ట్‌క్లౌడ్ మాత్రం అప్‌గ్రేడ్ అప్పుడు మెయింటెనెన్స్ మోడ్‌లోకి వెళ్తుంది, ఒక్క సర్వర్ మీద దాన్ని తప్పించే దారి లేదు, కాబట్టి ముందే చెప్పి చేయడమే. పైగా దాని సింక్ క్లయింట్లు సర్వర్ తిరిగి లేచాక వాటంతట అవే అందుకుంటాయి, అక్కడ కొన్ని నిమిషాలు ఆగితే ఫారం పోయినంత నష్టం ఉండదు.

ఇక ఆ 502 సంగతి. క్యాడీలో రివర్స్ ప్రాక్సీ బ్లాక్ కింద ఎల్‌బీ ట్రై డ్యూరేషన్ అని ఒక సెట్టింగ్ ఉంది. అది పెట్టకపోతే వెనకున్న యాప్ దొరకని మరుక్షణం క్యాడీ 502 ఇచ్చేస్తుంది. 30 సెకన్లు అని పెడితే, యాప్ లేని ఆ కాసేపూ వచ్చిన రిక్వెస్ట్‌ని పట్టుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ ఉంటుంది, కంటైనర్ లేవగానే అందిస్తుంది. సబ్మిట్ నొక్కినవాళ్లకి పేజీ కాస్త ఆలస్యంగా వచ్చినట్టు ఉంటుంది, అంతే. ఫారం సబ్మిట్‌కి కూడా ఇది పనిచేస్తుంది, ఎందుకంటే కనెక్షనే దొరకనప్పుడు రిక్వెస్ట్ అవతలికి చేరలేదని క్యాడీకి ఖాయంగా తెలుసు, మళ్లీ పంపితే రెండుసార్లు సేవ్ అయ్యే భయం లేదు. కనెక్షన్ దొరికి మధ్యలో తెగిపోతే మాత్రం మామూలుగా గెట్ (పేజీ చదవడానికి పంపే) రిక్వెస్ట్‌లనే మళ్లీ పంపుతుంది, మిగతావాటికి ఎర్రరే వస్తుంది. అది సరైన పనే.

అంటే అసలు జాగ్రత్త పాత కంటైనర్ ఎలా ఆగుతోందన్న దగ్గర పడాలి. డాకర్ ఆపమన్నప్పుడు ముందు సిగ్‌టర్మ్ (ఇక ఆగమని చెప్పే సిగ్నల్) పంపి 10 సెకన్లు ఆగుతుంది, అప్పటికీ ఆగకపోతే సిగ్‌కిల్‌తో చంపేస్తుంది. సిగ్‌టర్మ్ అందగానే కొత్తవి తీసుకోవడం మానేసి చేతిలో ఉన్నవి పూర్తిచేసి వెళ్లాలి యాప్. చాలా ఇమేజ్‌లలో యాప్‌ని ఒక షెల్ స్క్రిప్ట్ లేపుతుంది, ఆ స్క్రిప్ట్ చివర ఎగ్జెక్ (షెల్ స్థానంలోకి యాప్‌నే తెచ్చే కమాండ్) లేకపోతే సిగ్నల్ షెల్ దగ్గరే ఆగిపోతుంది, యాప్‌కి చేరదు, పది సెకన్లు ఊరికే గడిచి చివరికి మెడ పట్టుకుని గెంటినట్టు పోతుంది. మీ యాప్ ఎప్పుడు ఆపినా కచ్చితంగా పది సెకన్లు పడుతోందంటే ముందు ఇదే చూడండి. పెద్ద అప్‌లోడ్‌లు ఉంటే స్టాప్ గ్రేస్ పీరియడ్‌ని, అంటే ఆ పది సెకన్ల గడువుని, ఒక నిమిషానికి పెంచుకోండి.

మీ సొంత యాప్‌కి ఇంకో మెట్టు పైకి వెళ్లొచ్చు. కంపోజ్ ఫైల్‌లో ఒకే యాప్‌ని రెండు సర్వీసులుగా రాయండి, యాప్‌ఎ, యాప్‌బి అనుకోండి. ఎ నడుస్తుండగానే బి ని కొత్త ఇమేజ్‌తో లేపండి, హెల్త్ చెక్ (యాప్ బాగా నడుస్తోందో లేదో చూసే పరీక్ష) పచ్చగా వచ్చేదాకా ఆగండి, క్యాడీఫైల్‌లో పేరు మార్చి రీలోడ్ కొట్టండి. రీలోడ్ అంటే రీస్టార్ట్ కాదు, కాన్ఫిగ్ తప్పుగా ఉంటే పాతదే నడుస్తూ ఉంటుంది. కాసేపటికి ఎ ని ఆపండి. తేడా వస్తే మళ్లీ పేరు మార్చి ఎ కి తిప్పేయడమే, అందుకే దాన్ని వెంటనే చెరపకండి. హెల్త్ చెక్ మాత్రం ఊరికే పోర్ట్ తెరుచుకుందా అని కాకుండా డేటాబేస్‌కి ఒక చిన్న క్వెరీ కొట్టి చెప్పేలా రాయండి.

ఇక్కడ చాలామందికి తట్టనిది ఒకటుంది. పొద్దున్నుంచీ తెరిచి ఉన్న ట్యాబ్‌లో పాత వెర్షన్ పేజీ నడుస్తూ ఉంటుంది, అందులో ఏదో బటన్ నొక్కితే అది పాత జావాస్క్రిప్ట్ ఫైల్ ముక్కని అడుగుతుంది, కొత్త ఇమేజ్‌లో ఆ పేరుతో ఫైలే ఉండదు, తెల్ల తెర వస్తుంది. సర్వర్ ఒక్క సెకను కూడా ఆగలేదు, అయినా వాడేవాళ్లకి మాత్రం సైట్ పడిపోయినట్టే. అందుకని క్రితం వెర్షన్ స్టాటిక్ ఫైళ్లని ఒక వాల్యూమ్‌లో (కంటైనర్ మారినా పోని డేటా చోటు) కొన్నాళ్లు అలాగే ఉంచి క్యాడీతోనే ఇప్పించండి. సెషన్లు యాప్ మెమరీలో పెట్టుకుంటే అందరూ లాగౌట్ అవుతారు, వాటిని డేటాబేస్‌లోకో రెడిస్ లాంటి విడి స్టోర్‌లోకో మార్చండి.

స్కీమామేస్త్రి:

పాతకాపు గారు చెప్పిందంతా నిజమే, కానీ కంటైనర్లు మార్చడం ఈ పనిలో తేలిక భాగం. యాప్‌ఎ, యాప్‌బి రెండూ కాసేపు కలిసి నడుస్తాయి కదా, ఆ కాసేపూ రెండూ ఒకే డేటాబేస్ మీద ఉంటాయి. కొత్తది లేస్తూనే టేబుల్ ఆకారం మార్చేస్తే పాతది అక్కడికక్కడే ఎర్రర్లు కొట్టడం మొదలుపెడుతుంది. సర్వీస్ ఆగకూడదంటే పాత కోడ్‌కీ కొత్త కోడ్‌కీ రెండింటికీ సరిపోయే స్కీమా (టేబుళ్ల ఆకారం) మధ్యలో ఒకటి ఉండి తీరాలి, దీనికి వేరే మార్గం లేదు.

ఉదాహరణకి ఫోన్ అనే కాలమ్ పేరు మొబైల్ అని మార్చాలనుకోండి. ఒక్క లైన్ పని, కానీ ఆ లైన్ కొట్టిన క్షణం నుంచి పాత కోడ్ రాసే ప్రతి రికార్డూ ఫెయిల్. అందుకని పేరు మార్చకండి. ముందు మొబైల్ అని ఖాళీ కాలమ్ చేర్చండి, పాత కోడ్‌కి అది ఉన్నట్టు కూడా తెలియదు. తర్వాత రిలీజ్‌లో రెండింట్లోనూ రాస్తూ, చదవడం మాత్రం ఫోన్ నుంచే చేసే కోడ్ పెట్టండి. పాత రికార్డులని వెయ్యేసి చొప్పున మెల్లగా కాపీ చేయండి, ఒకే అప్‌డేట్‌తో టేబుల్ మొత్తం తిప్పేయొద్దు. ఆ తర్వాతి రిలీజ్‌లో మొబైల్ నుంచి చదవడం, అది నిలకడగా నడిచాక ఇంకో రిలీజ్‌లో ఫోన్‌లో రాయడం మానేయడం, అన్నిటికన్నా చివర ఆ కాలమ్ తీసేయడం. సాగదీసినట్టు అనిపిస్తుంది, కానీ ఇందులో ఏ మెట్టు దగ్గరైనా ఒక అడుగు వెనక్కి వేయొచ్చు, డేటా పోదు. మాస్టడాన్ (సొంతంగా నడుపుకునే సోషల్ నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్) వాళ్లు ఇదే పద్ధతిని అడ్మిన్‌ల చేతికే ఇచ్చారు: రీస్టార్ట్‌కి ముందు నడపాల్సిన మైగ్రేషన్లు వేరు, కొత్త కోడ్ లేచాక నడపాల్సినవి వేరు.

లాక్‌ల (ఒకరి పని అయ్యేదాకా ఇంకొకరిని ఆపే తాళాల) గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే టేబుల్ ఆకారం మార్చే చిన్న ఆల్టర్ టేబుల్ కమాండ్ కూడా సైట్ మొత్తాన్ని ఆపగలదు. పోస్ట్‌గ్రెస్ 11 నుంచి స్థిరమైన డిఫాల్ట్ విలువతో కాలమ్ చేర్చడం క్షణంలో అయిపోతుంది, టేబుల్ మళ్లీ రాయదు. కానీ ఆ క్షణం పాటైనా దానికి టేబుల్ మొత్తం తన చేతికే కావాలి. అప్పటికే ఎవరిదో పెద్ద రిపోర్ట్ క్వెరీ నడుస్తుంటే ఆల్టర్ దాని వెనక నిలబడుతుంది, ఆల్టర్ వెనక తర్వాత వచ్చిన మామూలు సెలెక్ట్‌లన్నీ నిలబడతాయి. ఆ టేబుల్‌ని చదవడానికి నిజానికి అడ్డేమీ లేదు, అయినా ఎవరికీ దారి లేదు. మైగ్రేషన్ మొదట్లోనే లాక్ టైమౌట్ రెండు మూడు సెకన్లకి పెట్టండి, ఆ లోపు లాక్ దొరక్కపోతే ఆల్టరే తప్పుకుంటుంది, కాసేపాగి మళ్లీ ప్రయత్నించొచ్చు. ఇండెక్స్‌లు (రికార్డులు త్వరగా వెతకడానికి కట్టే జాబితాలు) ఎప్పుడూ కాన్‌కరెంట్లీ అని కట్టండి, అది మధ్యలో ఫెయిలైతే చెల్లని ఇండెక్స్ ఒకటి మిగిలిపోతుంది, దాన్ని తీసేసి మళ్లీ కట్టాలి.

బ్యాక్‌గ్రౌండ్ జాబ్‌లు ఉంటే వాటికీ ఇదే లెక్క. పాత వెర్షన్ క్యూలో వేసిన జాబ్‌ని కొత్త వర్కర్ (జాబ్‌లు నడిపే ప్రాసెస్) తీసుకుంటుంది, కొత్తది వేసింది పాతది తీసుకోవచ్చు. జాబ్ ఆర్గ్యుమెంట్లు మారుస్తుంటే రెండు రకాలూ అర్థం చేసుకునే వర్కర్‌ని ముందు పంపండి.

తలుపుగడియ:

లేటెస్ట్ ట్యాగ్ ప్రశ్నకి నా జవాబు: వద్దు. ముఖ్యంగా డేటాబేస్‌కి వద్దే వద్దు. పోస్ట్‌గ్రెస్ మేజర్ వెర్షన్ మారితే పాత డేటా డైరెక్టరీని కొత్త సర్వర్ చదవదు, ఫైళ్లు సరిపోలడం లేదని చెప్పి లేవకుండా ఆగిపోతుంది. 18 డాకర్ ఇమేజ్‌లో వాల్యూమ్ ఎక్కడ తగిలించాలో ఆ దారి కూడా మారింది. ఇది తెల్లవారుజామున తనంతట తానే జరిగితే ఏమవుతుందో ఊహించుకోండి. నెక్స్ట్‌క్లౌడ్‌లో మేజర్ వెర్షన్లు దాటవేయడానికి లేదు, ఒక్కొక్కటీ ఎక్కుతూ పోవాల్సిందే. ట్యాగ్‌లో వెర్షన్ నంబర్ రాయండి, కుదిరితే షా256 డైజెస్ట్ (ఇమేజ్‌కి వేలిముద్ర లాంటి కోడ్) కూడా, ఎందుకంటే ట్యాగ్ అదే ఉండి లోపలి ఇమేజ్ మారిపోవచ్చు. కంపోజ్ ఫైల్ గిట్‌లో పెట్టి రెనోవేట్ లాంటి టూల్ తగిలిస్తే కొత్త వెర్షన్ వచ్చినప్పుడు పుల్ రిక్వెస్ట్ (మార్పు ప్రతిపాదన) వేస్తుంది, రిలీజ్ నోట్స్ చదివి మెర్జ్ చేసే పని మీది. కొత్త ఇమేజ్ వచ్చిందన్న ఉట్టి కబురు చాలనుకుంటే డియున్ అనే టూల్ సరిపోతుంది.

కానీ పై ఇద్దరితో ఒక విషయంలో నాకు పేచీ ఉంది. సర్వీస్ ఆగకూడదన్న పట్టుదలతో సెక్యూరిటీ ప్యాచ్‌ని ఆపుకుంటే అది తిరగబడుతుంది. ఫోర్జెయో లాగే కోడ్ పెట్టుకునే గిట్‌ల్యాబ్‌లో బొమ్మల ఫైళ్ల ద్వారా సర్వర్ మీద కోడ్ నడపగలిగే లోపానికి 2021 ఏప్రిల్‌లోనే ప్యాచ్ వచ్చింది, నెలలు గడిచాక కూడా ప్యాచ్ వేయని సర్వర్లని వెతికి మరీ దాడులు చేశారు. ఇంటర్నెట్‌కి తెరిచి ఉన్న సర్వీస్‌లో లాగిన్ అక్కర్లేని లోపం బయటపడితే మీ ఎ, బి ఏర్పాట్లన్నీ పూర్తయ్యేదాకా ఆగకండి, మెయింటెనెన్స్ పేజీ పెట్టి వెంటనే వేసేయండి. రెండు నిమిషాలు ఆగిన సర్వీస్‌ని జనం మర్చిపోతారు. పాస్‌వర్డ్‌లున్న సర్వర్ చేయిజారితే అది వేరే సంగతి.

ఒంటరిసర్వర్:

చాలా థాంక్స్ అండీ, ముఖ్యంగా ఆ క్యాడీ సెట్టింగ్‌కి. ఇప్పుడే ఫోర్జెయోని రీస్టార్ట్ చేసి చూశాను, పేజీ ఆగి ఆగి వచ్చింది కానీ ఎర్రర్ రాలేదు. మూడు అనుమానాలు మిగిలాయి. పోస్ట్‌గ్రెస్‌నే 15 నుంచి పైకి తీసుకెళ్లాలంటే ఎలా? మైగ్రేషన్ అయిపోయాక తేడా తెలిస్తే వెనక్కి రావడం నిజంగా కుదురుతుందా? వాల్ట్‌వార్డెన్‌కి ఆ డేటాబేస్ ఫైల్ కాపీ చేసుకుంటే బ్యాకప్ అయినట్టేనా?

స్కీమామేస్త్రి:

15 కి 2027 నవంబర్ దాకా సపోర్ట్ ఉంది, కంగారు లేదు. మైనర్ అప్‌డేట్లకి ఇమేజ్ మార్చి రీస్టార్ట్ కొడితే చాలు, డేటా ఫైళ్లు అవే. ఆ కొన్ని సెకన్లు కూడా కనిపించకూడదంటే మధ్యలో డేటాబేస్ కనెక్షన్లని చూసుకునే పీజీబౌన్సర్‌ని ట్రాన్సాక్షన్ మోడ్‌లో పెట్టండి. దానికి పాజ్ అని చెబితే నడుస్తున్న ట్రాన్సాక్షన్లు పూర్తయ్యేదాకా ఆగి, కొత్తవాటిని తన దగ్గరే నిలబెట్టుకుంటుంది, పోస్ట్‌గ్రెస్ లేచాక రెజ్యూమ్ అంటే వదులుతుంది. ఇమేజ్ రకం మాత్రం ఊరికే మార్చకండి, డెబియన్ ఆధారిత ఇమేజ్ నుంచి ఆల్పైన్‌కో, పాత డెబియన్ నుంచి కొత్తదానికో వెళ్తే అక్షరాలని వరసలో పెట్టే నియమాలు మారిపోయి, టెక్స్ట్ కాలమ్‌ల మీద కట్టిన ఇండెక్స్‌లు తప్పుడు జవాబులిచ్చే ప్రమాదం ఉంది. లినక్స్ మూల లైబ్రరీ జీలిబ్‌సీ 2.28 వచ్చినప్పుడు చాలామందికి జరిగింది ఇదే. మార్చక తప్పకపోతే రీఇండెక్స్ చేయాల్సిందే.

మేజర్‌కి అసలు ఆగకుండా వెళ్లే దారి లాజికల్ రెప్లికేషన్. కొత్త వెర్షన్‌ని పక్కన లేపి, పాతదాని నుంచి డేటా పారేలా చేసి, రెండూ ఒక స్థాయికి వచ్చాక యాప్‌ని అటు తిప్పడం. వినడానికి బాగుంటుంది. కానీ వాల్ లెవెల్ (మార్పుల లాగ్ ఎంత వివరంగా రాయాలో చెప్పే సెట్టింగ్) లాజికల్‌కి మార్చడానికే ఒక రీస్టార్ట్ కావాలి, టేబుల్ ఆకారంలో మార్పులు దానంతట అవి వెళ్లవు, 15 నుంచి వెళ్తుంటే సీక్వెన్స్‌ల (వరస నంబర్లు ఇచ్చేవి) విలువలు చేత్తో సరిచేయాలి, ప్రైమరీ కీ (ప్రతి రికార్డునీ గుర్తుపట్టే కాలమ్) లేని టేబుల్‌లో అప్‌డేట్‌లు అడ్డం తిరుగుతాయి. మీ టీమ్ సైజ్‌కి ఇంత తంటా నేను పెట్టుకోను. ముందే చెప్పి, యాప్‌లు ఆపి, పీజీ డంప్‌తో డేటా మొత్తం కాపీ తీసి కొత్తదాంట్లో రీస్టోర్ చేయండి, పాత వాల్యూమ్‌ని ముట్టుకోకుండా పక్కన ఉంచండి.

పాతకాపు:

వెనక్కి రావడం గురించి. కోడ్‌ని ఎప్పుడైనా తిప్పొచ్చు, డేటాని తిప్పితే మధ్యలో రాసింది పోతుంది. రాత్రి స్నాప్‌షాట్ తీసి అప్‌డేట్ చేశారు, మర్నాడు మధ్యాహ్నం తేడా తెలిసింది అనుకోండి, స్నాప్‌షాట్‌కి వెళ్తే పొద్దున్నుంచీ జనం చేసిన పని గల్లంతే. కాబట్టి మైగ్రేషన్ అయ్యాక, జనాన్ని లోపలికి వదిలే ముందే, తలుపులు మూసి ఉండగా పరీక్షించుకోవాలి: లాగిన్ అవ్వడం, ఒక ఫైల్ ఎక్కించి దించడం, ఒక గిట్ పుష్, ఒక మెయిల్. అప్పటిదాకా వెనక్కి రావడం ఉచితం. జనం రాయడం మొదలయ్యాక తప్పు దొరికితే చాలావరకు ముందుకే వెళ్లి సరిచేసుకోవాలి.

ఇంకా మంచి పని, అదే సర్వర్‌లో వేరే ప్రాజెక్ట్ పేరుతో కంపోజ్ ఇంకోసారి లేపి, నిన్నటి బ్యాకప్‌ని అందులో రీస్టోర్ చేసి, కొత్త వెర్షన్‌ని ముందు దాని మీద వదలండి. మైగ్రేషన్ ఎంతసేపు పడుతుందో మీ డేటా మీదే తెలుస్తుంది, బ్యాకప్ నిజంగా తెరుచుకుంటుందో లేదో కూడా అప్పుడే తేలిపోతుంది. ఒక్క జాగ్రత్త: ఆ కాపీకి అసలు డేటానే ఉంటుంది కాబట్టి లేవగానే క్యూలో ఉన్న మెయిళ్లు అందరికీ మళ్లీ పంపేయగలదు, వెబ్‌హుక్‌లు (బయటి సర్వీసులకి తనంతట తాను పంపే కబుర్లు) కొట్టేయగలదు. ఎస్‌ఎంటీపీ (మెయిల్ పంపే) సెట్టింగ్ తీసేసి, క్రాన్ (వేళకి నడిచే పనులు) ఆపి, బయటికి నెట్ లేని డాకర్ నెట్‌వర్క్‌లో పెట్టాకే లేపండి. కాపీలోని ఫైళ్లకీ డేటాబేస్‌కీ అసలువి కాకుండా వేరే వాల్యూమ్‌లు ఇవ్వడం కూడా మర్చిపోకండి, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో పాత పాత్ ఒక్కటి మిగిలినా కాపీ వెళ్లి అసలు ఫైళ్ల మీదే రాస్తుంది.

వాల్ట్‌వార్డెన్‌కి ఉత్త కాపీ చాలదు. ఎస్‌క్యూలైట్ వాల్ మోడ్‌లో (మార్పులని ముందు విడి లాగ్ ఫైల్‌లో రాసే పద్ధతి) ఉన్నప్పుడు ఈ మధ్యే రాసింది పక్కనున్న వాల్ ఫైల్‌లో ఉంటుంది, అసలు ఫైల్ ఒక్కటీ తీసుకుంటే అది పోతుంది, రాస్తుండగా కాపీ చేస్తే ఫైలే చెడిపోవచ్చు. ఎస్‌క్యూలైట్ బ్యాకప్ కమాండ్ కానీ వాక్యూమ్ ఇంటూ కానీ వాడండి, సర్వీస్ ఆపనక్కర్లేదు. అటాచ్‌మెంట్ల ఫోల్డర్‌నీ, ఆర్‌ఎస్‌ఏ కీ ఫైళ్లనీ కూడా తీసుకోండి. ఈ యాప్‌ని ఎ, బి పద్ధతిలో రెండుగా లేపకండి, ఒకటి ఆపి ఒకటి లేపడమే, ఆ సెకన్లు క్యాడీ చూసుకుంటుంది.

ఒంటరిసర్వర్:

అర్థమైంది. కాపీ మీద పరీక్ష నెక్స్ట్‌క్లౌడ్‌తోనే మొదలుపెడతాను, భయమంతా దాని గురించే. మరి రిక్వెస్ట్‌లని పట్టుకునేది క్యాడీ అయితే, క్యాడీనే అప్‌డేట్ చేయాల్సినప్పుడు?

పాతకాపు:

దాని ముందు ఇంకెవరూ లేరు కాబట్టి కంటైనర్ మారే ఆ ఒకటి రెండు సెకన్లు కనెక్షన్ దొరకదు. ఒక్క సర్వర్ మీద దాన్ని ఒప్పుకోవచ్చు, హోస్ట్ కెర్నల్ రీబూట్‌కి ఎలాగూ ఇంతకన్నా ఎక్కువే ఆగుతారు, రెండూ ఒకే పూట పెట్టుకోండి. ఇమేజ్ ముందే పుల్ చేసి, కొత్త ఇమేజ్‌తోనే మీ క్యాడీఫైల్‌ని వాలిడేట్ చేసి చూశాకే అప్ కొట్టండి. డేటా ఫోల్డర్ వాల్యూమ్‌లో ఉందో లేదో ఒకసారి చూసుకోండి, హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్లు ఉండేది అందులోనే. అది లేకపోతే కంటైనర్ మారిన ప్రతిసారీ కొత్తవి అడుగుతుంది, వాటిని ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఒకే పేర్లకి వారంలో 5 కి మించి ఇవ్వదు, ఆ పరిమితి తగిలితే కొత్త సర్టిఫికెట్ దొరికేదాకా సైట్ తెరుచుకోకపోవచ్చు. క్యాడీ ఇమేజ్ మార్చే రోజు మిగతా యాప్‌ల ఇమేజ్‌లు మాత్రం కదపకండి.